కోత చిన్నదైతే... ముప్పూ చిన్నదేనా?

నడుములో డిస్కు జారింది, ఆపరేషన్‌ చేయాలన్నారు. ఒక డాక్టరు ‘ఓపెన్‌’ అంటారు. ఇంకొకరు ‘మైక్రో’ అంటారు. మరొకరు ‘ఒక్క కుట్టుతో పోతుంది, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు’ అంటారు. ఇంతకీ వీటిలో ఏది సురక్షితం? తొంభై ఏళ్ల అనుభవం, వేలమంది రోగుల మీద జరిగిన అధ్యయనాలు ఏం చెబుతున్నాయి?

గ్యాస్‌బండను పక్కకి జరుపుదామని వంగాడంతే... నడుము కలుక్కుమంది. పట్టేసిందేమో అనుకున్నారు ఇంట్లోవాళ్లు. బామ్‌ రాశారు, వేణ్నీళ్ల కాపడం పెట్టారు. రెండు రోజులు గడిచేసరికి నొప్పి నడుము వదిలి పిరుదులోకి దిగింది. అక్కణ్నుంచి తొడ వెనగ్గా పిక్కలోకి, పిక్క నుంచి కాలి బొటనవేలి దాకా పాకింది. దగ్గితే కరెంటు షాక్‌ కొట్టినట్టు. తుమ్మితే మళ్లీ షాక్‌. కూర్చోలేడు, పడుకోలేడు, నిలబడి అన్నం తినే పరిస్థితి. ఎమ్మారై తీయిస్తే ‘ఎల్‌4-ఎల్‌5 దగ్గర డిస్కు జారింది’ అని రిపోర్టు వచ్చింది.

ఇక అక్కణ్నుంచి మొదలవుతుంది ఇంటిల్లిపాదికీ అసలు పరీక్ష. ‘వెన్నెముక ఆపరేషనా? వద్దే వద్దు. కాళ్లు పడిపోతాయి’ అంటాడు పక్కింటాయన. ‘ఇప్పుడంతా చిన్న రంధ్రంలోంచే చేసేస్తున్నారు, భయమేముంది’ అంటాడు బావమరిది. ఒక ఆసుపత్రిలో రెండంగుళాల కోత అంటారు, మరోచోట అరంగుళం చాలంటారు. ఖర్చులో తేడా, రోజుల్లో తేడా, చెప్పే మాటల్లో తేడా. అందరూ కలిసి చివరికి ఒక్కచోటికే వస్తారు. కోత ఎంత చిన్నదైతే ముప్పు అంత తక్కువనుకోవచ్చా?

వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ లెక్కలు మరోలా ఉన్నాయి.

బూరెలో పూర్ణంలా...

నడుము భాగంలో వెన్నుపూసలు ఐదు. పూసకీ పూసకీ మధ్య ఒత్తిడిని తట్టుకునే మెత్తలాంటిది డిస్కు. దాని చుట్టూ గట్టి పీచు పొరలుంటాయి, లోపల జిగురులాంటి మెత్తని పదార్థం ఉంటుంది. అచ్చం పూర్ణంబూరె అనుకోండి. బూరె ఒకపక్క పగిలితే లోపలి పూర్ణం ఎలా బయటికి వస్తుందో, పీచు పొర చిరిగితే ఆ జిగురు పదార్థం అలాగే బయటికి తోసుకొస్తుంది. దాని వెనకాలే కాలికి వెళ్లే నాడి ఉంటుంది. బయటికొచ్చిన ముక్క ఆ నాడిని నొక్కుతుంది. నొక్కడంతో ఆగదు, అందులోని రసాయనాలు నాడికి వాపు కూడా తెప్పిస్తాయి. తప్పు నడుములో జరిగితే శిక్ష కాలికి పడేది అందుకే. దీన్నే సయాటికా అంటారు. నూటికి తొంభైకి పైగా కేసుల్లో జారేవి నడుములోని చివరి రెండు డిస్కులే.

పక్కింటాయన భయానికి కూడా ఇక్కడే సమాధానం ఉంది. మెదడు నుంచి దిగే వెన్నుపాము నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. ఆ కింద ఉండేవి విడివిడి నాడుల కట్టలు. కాబట్టి చివరి డిస్కుల దగ్గర ఆపరేషన్‌ చేసేటప్పుడు వెన్నుపాము అసలు దారిలోనే ఉండదు. నాడికి దెబ్బ తగిలే అవకాశం ఉన్నమాట నిజం. కానీ రెండు కాళ్లూ పడిపోవడం అన్నది చాలా చాలా అరుదు.

కరిగిపోయే ముక్కలు

జారిన ప్రతి డిస్కుకీ కత్తి అక్కర్లేదన్నది వైద్యులందరూ ఒప్పుకునే మాట. ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో మందులతో, తగిన వ్యాయామంతో, కాస్త ఓపికతో నొప్పి దిగిపోతుంది. కారణం... బయటికొచ్చిన ముక్కను శరీరం పరాయి వస్తువుగా భావించి మెల్లగా తినేస్తుంది. 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం డిస్కు నుంచి పూర్తిగా తెగిపడిన ముక్కలు 96 శాతం మందిలో తమంతట తామే తగ్గాయి. బాగా బయటికి పొడుచుకొచ్చినవి 70 శాతం మందిలో, కొద్దిగా తోసుకొచ్చినవి 41 శాతం మందిలో తగ్గాయి. ఊరికే ఉబ్బినవి మాత్రం 13 శాతం మందిలోనే. ఫిల్ముల్లో ఏది ఎక్కువ భయపెడుతుందో అదే ఎక్కువగా కరిగిపోతుందన్నమాట!

ఇంకో వింత ఏంటంటే... ఏ నొప్పీ లేనివాళ్లకి స్కాన్‌ తీసినా డిస్కుల్లో తేడాలు కనిపిస్తాయి. అలాంటివాళ్ల స్కాన్‌లన్నిటినీ కలిపి చూసిన మరో సమీక్ష కూడా 2015లోనే వచ్చింది. అందులో ఇరవై ఏళ్ల వయసువారిలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్ల వారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు ఉన్నట్టు తేలింది. వాళ్లెవరికీ నడుంనొప్పి లేదు. అందుకే వైద్యం చేయాల్సింది ఫిల్ములో కనిపించే మచ్చకి కాదు, మనిషి పడుతున్న బాధకి. అవసరం లేని ఆపరేషన్‌ని ఎంత చిన్న రంధ్రంలోంచి చేసినా అది సురక్షితం కాదు.

కణితి కాదు... డిస్కే!

ఒకప్పుడు కాలు లాగే ఈ నొప్పికి మూలం ఎక్కడుందో వైద్యులకే తెలియదు. వెన్నులో ఆపరేషన్‌ చేసినప్పుడు నాడి మీద ఏదో గడ్డ కనబడేది. మృదులాస్థి కణితి అనుకుని తీసి, సీసాలో దాచేవారు. అమెరికాలోని బోస్టన్‌ నగరంలో, మసాచుసెట్స్‌ జనరల్‌ ఆసుపత్రిలో పనిచేసే మిక్స్‌టర్‌, బార్‌ అనే ఇద్దరు సర్జన్లకి అనుమానం వచ్చింది. పాత నమూనాలను మళ్లీ పరీక్షించి చూస్తే వాటిలో చాలా వరకూ కణితులే కావు, డిస్కు ముక్కలు! 1934లో వాళ్లు ప్రచురించిన వ్యాసంతో డిస్కు ఆపరేషన్ల యుగం మొదలైంది.

ఆ రోజుల్లో కోత పెద్దది. పూస వెనకభాగంలోని ఎముకను వెడల్పుగా తొలగించి లోపలికి వెళ్లేవారు. కొద్ది ఏళ్లలోనే మేయో క్లినిక్‌లోని లవ్‌ అనే సర్జన్‌ ఎముకనంతా తీయక్కర్లేదనీ, రెండు పూసల మధ్య ఉన్న సందులోంచి కూడా ముక్కను అందుకోవచ్చనీ చూపించాడు. 1977లో స్విట్జర్లాండ్‌లో యాసర్గిల్‌, జర్మనీలో కాస్పర్‌ ఈ ఆపరేషన్‌కి మైక్రోస్కోపును జోడించారు. మరుసటేడాది అమెరికాలో విలియమ్స్‌ కూడా అదే పద్ధతి గురించి రాశాడు. చూపు పెద్దదయ్యేకొద్దీ కోత చిన్నదవుతూ వచ్చింది. అక్కడితో ఆగలేదు. అసలు కోతే లేకుండా చేస్తే ఎలా ఉంటుంది?

బొప్పాయి చెప్పిన పాఠం

మాంసం మెత్తగా ఉడకాలంటే పచ్చిబొప్పాయి ముక్క వేయడం మన వంటింటి చిట్కా. బొప్పాయి పాలలోని ఎంజైములు మాంసకృత్తులను విడగొడతాయి. 1956లో లూయిస్‌ థామస్‌ అనే అమెరికన్‌ వైద్యుడు ఆ ఎంజైమును కుందేళ్లకి ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. నిక్కబొడుచుకుని ఉండే వాటి చెవులు గుడ్డపేలికల్లా వాలిపోయాయి. చెవుల్లోని మృదులాస్థి మెత్తబడింది మరి. కొన్ని రోజులకి అవి మళ్లీ నిలబడ్డాయి కూడా. ఇది చదివిన లైమన్‌ స్మిత్‌ అనే ఎముకల డాక్టరుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. డిస్కులోకి ఇదే మందును సూదితో ఎక్కిస్తే లోపలి జిగురు కరిగిపోదా?

కరిగింది! కైమోపపైన్‌ అనే ఆ మందుతో 1960ల నుంచే చికిత్సలు మొదలయ్యాయి. 1982లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. కత్తి లేదు, కుట్టు లేదు, ఒక్క సూది. చాలామందికి మేలు జరిగిందన్నదీ నిజమే. కానీ కొద్దిమందికి ఆ మందు పడక ప్రాణాంతకమైన ఎలర్జీ వచ్చింది. అరుదుగా కొందరిలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డాయి. క్రమంగా సర్జన్లు దాన్ని పక్కనపెట్టారు. 2003లో అమెరికాలో దాని అమ్మకం ఆగిపోయింది.

చర్మం మీద గాటు లేనంత మాత్రాన లోపల ప్రమాదం లేనట్టు కాదని ఆ రోజే తేలిపోయింది. అయినా ఆ పాఠాన్ని ప్రతి తరమూ కొత్తగా నేర్చుకోవాల్సి వస్తోంది.

నాలుగు దారులు

ప్రస్తుతం జారిన డిస్కు ముక్కను తీయడానికి ప్రధానంగా నాలుగు దారులున్నాయి. నాలుగింటి లక్ష్యమూ ఒక్కటే... నాడి మీది ఒత్తిడి తీసేయడం.

ఓపెన్‌ డిస్కెక్టమీ: నడుము మధ్యలో కోత పెట్టి, కండరాన్ని ఎముక నుంచి పక్కకి జరిపి, కళ్లతో చూస్తూ ముక్కను తీస్తారు. అన్నిటికన్నా పాతది.

మైక్రో డిస్కెక్టమీ: దారి అదే. కానీ మైక్రోస్కోపు సాయంతో చేస్తారు కాబట్టి ఒకటి, ఒకటిన్నర అంగుళాల కోత సరిపోతుంది. నాడి, రక్తనాళాలు పెద్దవిగా, స్పష్టంగా కనబడతాయి. ప్రపంచమంతటా సర్జన్లు కొలమానంగా తీసుకునేది దీన్నే. కొత్త పద్ధతి ఏదొచ్చినా దీంతోనే పోల్చి చూస్తారు.

గొట్టం పద్ధతి: అమెరికా సర్జన్లు ఫోలీ, స్మిత్‌ 1997లో ప్రచారంలోకి తెచ్చారు. కండరాన్ని ఎముక నుంచి వేరు చేయకుండా, దాని పోగుల మధ్య నుంచి ఒకదాని మీద ఒకటిగా గొట్టాలు దించి దారి చేస్తారు. చివరి గొట్టంలోంచి ముక్కను తీస్తారు.

ఎండోస్కోపీ: పెన్సిలంత సన్నని గొట్టం, దాని కొసన కెమెరా. చాలాసార్లు నడుము పక్కనుంచి, నాడి బయటికొచ్చే సందులోంచి వెళ్తారు. నాడులకు తగలకుండా వెళ్లగలిగిన చిన్న త్రికోణాకారపు ఖాళీ ఒకటి అక్కడుంది. దాన్ని గుర్తించిన సర్జన్‌ పేరు మీద ‘కాంబిన్‌ త్రికోణం’ అంటారు. పూర్తి మత్తు లేకుండా ఆ భాగం మొద్దుబారేలా ఇంజెక్షన్‌ ఇచ్చి కూడా చేయొచ్చు. రోగి మెలకువతో ఉంటాడు కాబట్టి నాడికి ఏదైనా తగిలితే ‘అబ్బా’ అని వెంటనే చెప్పగలుగుతాడు. అదీ ఒక రక్షణే.

ముప్పు అంటే ఏంటి?

సురక్షితం అన్నమాటకి అర్థం చెప్పుకోకుండా పోలిక కుదరదు. డిస్కు ఆపరేషన్‌లో ఎదురయ్యే చిక్కులు కొన్నే. వాటిలో తరచూ కనిపించేది నాడుల చుట్టూ ఉండే పల్చటి పొర చిరగడం. నీళ్లసంచిలాంటి ఆ పొర చిరిగితే లోపలి ద్రవం కారుతుంది. కుట్టేసో, అతికించో, ఒకటి రెండు రోజులు పడుకోబెట్టో సరిచేస్తారు. చాలామందికి ఆ తర్వాత శాశ్వతమైన నష్టం ఉండదు. అమెరికాలో 11 రాష్ట్రాల్లోని 13 కేంద్రాల్లో జరిగిన పెద్ద అధ్యయనంలో ఇది నూటికి ముగ్గురు నలుగురిలో కనిపించింది. దాని ఫలితాలు 2006 నుంచి వెలువడుతూ వచ్చాయి.

రెండోది నాడికి దెబ్బ తగిలి కాలు తిమ్మిరెక్కడం, పాదం పైకి లేవకపోవడం. మూడోది చీము పట్టడం. నాలుగోది వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ జరుగుతుంటుంది... ఒక పూస బదులు పక్క పూస దగ్గర కోయడం. దీన్ని తప్పించడానికే ఆపరేషన్‌ టేబుల్‌ మీద ఎక్స్‌రేతో స్థానం సరిచూసుకుంటారు. అన్నిటికన్నా అరుదైనదీ, అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ మరోటుంది. డిస్కుకి ముందువైపున పొట్టలోని పెద్ద రక్తనాళాలుంటాయి. పరికరం డిస్కును దాటి అటు వెళ్తే వాటికి గాయమవుతుంది. పది వేల ఆపరేషన్లలో కొద్దిమందికే ఇలా జరుగుతుంది. కానీ జరిగితే ప్రాణం మీదకొస్తుంది.

ఇవి కాక మరొకటుంది. అదే డిస్కు మళ్లీ జారడం. ఆపరేషన్‌లో తీసేది బయటికొచ్చిన ముక్కనే కానీ మొత్తం డిస్కును కాదు. చిరిగిన పొరలోంచి మిగతాది ఇంకోసారి బయటికి రావొచ్చు. అమెరికా అధ్యయనంలో ఎనిమిదేళ్లు గడిచేసరికి దాదాపు 15 శాతం మందికి రెండో ఆపరేషన్‌ అవసరమైంది. ఈ ముప్పు కోత సైజును బట్టి ఉండదు.

రోగికే తెలియని పోటీ

మరి ఈ పద్ధతులను ముఖాముఖీ నిలబెడితే? ఆ పని నెదర్లాండ్స్‌ వైద్యులు చేశారు. ఏడు ఆసుపత్రుల్లో 328 మంది సయాటికా రోగులను తీసుకున్నారు. చీటీ తీసినట్టుగా సగంమందికి గొట్టం పద్ధతిలో, సగంమందికి మామూలు మైక్రో పద్ధతిలో ఆపరేషన్‌ చేశారు. ఎవరికి ఏది చేశారో రోగులకి చెప్పలేదు. ‘నాకు కొత్త టెక్నాలజీతో చేశారు’ అన్న సంబరం ఫలితాన్ని తారుమారు చేయకూడదు కదా!

2009లో ఫలితాలొచ్చాయి. కండరాన్ని తక్కువ గాయపరిచే గొట్టం పద్ధతే గెలుస్తుందనుకున్నారంతా. ఏడాది తర్వాత బాగా కోలుకున్నామని చెప్పినవాళ్లు మైక్రో పద్ధతిలో 79 శాతం. గొట్టం పద్ధతిలో 69 శాతమే. కాలినొప్పి, నడుంనొప్పి కూడా పాత పద్ధతిలోనే ఓ పిసరు తక్కువ. ఐదేళ్ల తర్వాత చూస్తే రెండు వర్గాల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు.

2014లో కాక్రేన్‌ సంస్థ ఇలాంటి 11 అధ్యయనాలను, 1172 మంది రోగుల వివరాలను కలిపి సమీక్షించింది. చిన్న కోత పద్ధతుల్లో చీము పట్టడం తక్కువ. అది వాటికి మంచి మార్కే. అయితే కాలినొప్పి, నడుంనొప్పి తగ్గడంలో, మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సిన అవసరంలో అవి కొంచెం వెనకబడి ఉండొచ్చని తేలింది. తేడాలు చిన్నవే, ఆధారాలు కూడా అంత గట్టివి కావని సమీక్షకులే ఒప్పుకున్నారు.

మరుసటి ఏడాది ఇంకో సమీక్ష చిక్కుల లెక్కను మాత్రమే తీసింది. ఓపెన్‌, మైక్రో పద్ధతుల్లో మొత్తంమీద 12.5 శాతం మందికి ఏదో ఒక చిన్నాపెద్దా ఇబ్బంది ఎదురైంది. గొట్టంలోంచి ఎండోస్కోపుతో చేసినవారిలో 13.3 శాతం. చర్మంలోంచి సూదిమార్గంలా వెళ్లే పద్ధతుల్లో 10.8 శాతం. అంటే దాదాపు సమానం. కానీ లోపలికెళ్లి చూస్తే ఒక్కోదానిదీ ఒక్కో తీరు. కోత చిన్నదైనచోట గాయానికి సంబంధించిన ఇబ్బందులు తక్కువ. అదే సమయంలో చర్మంలోంచి వెళ్లే పద్ధతుల్లో మళ్లీ ఆపరేషన్‌ చేయాల్సినవాళ్లు 10.2 శాతం. ఓపెన్‌, మైక్రో పద్ధతుల్లో 7.1 శాతం, గొట్టంతో కూడిన ఎండోస్కోపులో 3.7 శాతం. ఒకచోట తగ్గిన ముప్పు మరోచోట తేలుతోంది.

ఎండోస్కోపీ గెలిచినప్పుడు...

అయితే కథ అక్కడితో అయిపోలేదు. కెమెరాలు మెరుగుపడ్డాయి, చేతులకి అలవాటు పెరిగింది. మళ్లీ నెదర్లాండ్స్‌లోనే 613 మంది రోగులతో మరో పెద్ద పోటీ పెట్టారు. ఈసారి ఎండోస్కోపీకీ మైక్రో పద్ధతికీ మధ్య. 2022లో ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది తర్వాత కాలినొప్పి తగ్గడంలో ఎండోస్కోపీ ఏ మాత్రం తీసిపోలేదు. నూటికి వేసిన నొప్పి మార్కుల్లో దానికి ఏడు, మైక్రోకి పదహారు వచ్చాయి. మార్కులు తగ్గితే నొప్పి తగ్గినట్టు. చేయి తిరిగినవాళ్లు చేస్తే ఎండోస్కోపీ కూడా సురక్షితమైన దారేనని అలా రుజువైంది.

‘చేయి తిరిగినవాళ్లు’ అన్నమాట ఊరికే వాడింది కాదు. ఆ 613 మందిలో 125 మందిని పరిశోధకులు ముందే వేరుగా లెక్కపెట్టుకున్నారు. అంతకుముందు ఎండోస్కోపీ చేయని సర్జన్లు నేర్చుకుంటూ చేసిన ఆపరేషన్లవి. కొత్త పద్ధతి చేతికి రావడానికి సమయం పడుతుందని వాళ్లకి తెలుసు. సన్నటి గొట్టంలోంచి, తెర మీద చూస్తూ, స్పర్శ సరిగా తెలియని చోట నాడి పక్కన పనిచేయడం కంప్యూటర్‌లో సైకిల్‌ ఆట ఆడినంత సులువు కాదు. ముక్క కొంత మిగిలిపోవడం, నాడి చిరాకుపడి కాలు మంటెత్తడం లాంటివి మొదటి పదుల కేసుల్లోనే ఎక్కువ.

పైగా ప్రతి డిస్కుకీ ప్రతి దారీ పనికిరాదు. అన్నిటికన్నా కిందనున్న డిస్కు దగ్గర తుంటి ఎముక అడ్డొస్తుంది. అక్కడికి పక్కనుంచి వెళ్లడం కష్టం. ముక్క దూరంగా కిందికి జారిపోయినా, నాడి దారి బాగా ఇరుకైపోయినా మైక్రో పద్ధతే సుఖంగా ఉంటుందని చాలామంది సర్జన్లు భావిస్తారు. గొట్టం, ఎండోస్కోపు పద్ధతుల్లో ఎక్స్‌రే కూడా ఎక్కువగా వాడాల్సి వస్తుంది.

ఆగితే ఏమవుతుంది?

పద్ధతుల పోలికలో పడి మరిచిపోయే పద్ధతి ఇంకోటుంది... వేచి చూడటం. 1983లో నార్వే వైద్యుడు వెబర్‌ 126 మంది రోగుల మీద చేసిన అధ్యయనం దీనికి పునాది. మొదటి ఏడాదిలో ఆపరేషన్‌ చేయించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. నాలుగేళ్లు గడిచేసరికి తేడా తగ్గింది. పదేళ్లకి రెండు వర్గాలూ సమానమైపోయాయి.

2007లో నెదర్లాండ్స్‌ అధ్యయనం ఇంకా స్పష్టంగా చెప్పింది. ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడుతున్న 283 మందిలో కొందరికి వెంటనే ఆపరేషన్‌ చేయాలనుకున్నారు, కొందరిని వేచి చూడమన్నారు. వేచి చూసినవాళ్లలో 39 శాతం మంది చివరికి తట్టుకోలేక ఆపరేషన్‌ చేయించుకున్నారు. అంటే ఆరుగురు కత్తి లేకుండానే గట్టెక్కితే నలుగురికి తప్పలేదు. ఏడాది చివర రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆపరేషన్‌ చేయించుకున్నవాళ్లకి దక్కిన లాభం... నొప్పి త్వరగా తగ్గడం.

అలాగని నెలల తరబడి పళ్లు బిగబట్టి ఓర్చుకోవడమూ మంచిది కాదు. కెనడాలో నాలుగు నుంచి పన్నెండు నెలలుగా సయాటికాతో ఉన్న 128 మంది మీద జరిగిన అధ్యయనం 2020లో వెలువడింది. ఆరు నెలల తర్వాత మైక్రో ఆపరేషన్‌ చేసినవాళ్ల కాలినొప్పి పదికి 2.8 ఉంటే, మందులూ వ్యాయామాలతో నెట్టుకొచ్చినవాళ్లకి 5.2 ఉంది. అంత కాలమైనా తగ్గని నొప్పికి ఆపరేషన్‌ చేయించుకోవడమే మేలన్నమాట.

ఇంకో విషయం కూడా ముందే తెలిసి ఉండాలి. ఈ ఆపరేషన్‌ కాలినొప్పికి చేసేంత మేలు నడుంనొప్పికి చేయదు. ఒట్టి నడుంనొప్పితో ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లే తర్వాత ఎక్కువగా నిరాశపడతారు. అలాగే మొదటిసారి జారిన మామూలు డిస్కుకి, పూసలు స్థానం తప్పనప్పుడు, స్క్రూలూ రాడ్లూ వేయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. అది ఇంకా పెద్ద ఆపరేషన్‌. ముప్పూ పెద్దదే, ఖర్చూ పెద్దదే. అలాంటి సలహా వస్తే రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు.

వీటికి మాత్రం ఆగొద్దు!

వేచి చూడొచ్చన్న మాట కొందరికి వర్తించదు. ఈ లక్షణాలు కనిపిస్తే గంటలు కూడా విలువైనవే.

* మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పడిపోవడం, మలవిసర్జన మీద అదుపు తప్పడం.
* మర్మావయవాలు, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ తెలియకపోవడం.
* రెండు కాళ్లలోనూ నొప్పి, బలహీనత ఒకేసారి పెరగడం.
* పాదం పైకి లేవకపోవడం, చెప్పు జారిపోతున్నా తెలియకపోవడం, ఆ బలహీనత రోజురోజుకీ ఎక్కువవడం.

మొదటి మూడూ నాడుల కట్ట మొత్తం నలిగిపోతోందనడానికి గుర్తులు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇక్కడ కోత ఎంతన్నది కాదు, ఎంత త్వరగా అన్నదే ముఖ్యం.

డాక్టరుని అడగండి

మొహమాటం వద్దు. మంచి సర్జన్‌ ఈ ప్రశ్నలకి విసుక్కోరు.

* నా కాలినొప్పికీ స్కాన్‌లో కనిపిస్తున్న డిస్కుకీ పొంతన కుదురుతోందా? నొప్పి అదే కాలికి, అదే నాడి దారిలో ఉందా?
* ఇంకో ఆరు వారాలు ఆగితే నాకు వచ్చే నష్టమేంటి?
* మీరు చెబుతున్న పద్ధతిలో ఇప్పటిదాకా ఎన్ని ఆపరేషన్లు చేశారు? మీకు బాగా అలవాటైన పద్ధతి ఏది?
* మీ రోగుల్లో పొర చిరగడం, చీము పట్టడం, మళ్లీ ఆపరేషన్‌ చేయాల్సి రావడం నూటికి ఎంతమందికి?
* మధ్యలో ఇబ్బంది ఎదురైతే కోత పెద్దది చేసి సరిదిద్దే ఏర్పాటు ఇక్కడుందా?

మళ్లీ ఆ ఇంటికి వద్దాం. ఫైలు పట్టుకుని నాలుగు ఆసుపత్రుల గుమ్మాలెక్కిన కుటుంబం ఇప్పుడు అడగాల్సింది ‘ఎంత కోత పెడతారు’ అని కాదు. అవసరమా, ఇప్పుడేనా, ఎవరు చేస్తారు... ఈ మూడే. వీటికి సరైన జవాబులు దొరికితే మైక్రో అయినా ఎండోస్కోపీ అయినా నూటికి తొంభైమంది ఇంటికి నడుచుకుంటూ వెళ్లి మళ్లీ పనుల్లో పడతారు. జవాబులు దొరక్కపోతే అరంగుళం కోత కూడా ఎక్కువే.

ఈలోగా గ్యాస్‌బండ వచ్చినప్పుడు మాత్రం దాన్ని ఒంటికి దగ్గరగా పట్టుకుని, నడుము కాకుండా మోకాళ్లు వంచి జరపండి. లేదా ఇంకో చెయ్యి సాయం పిలవండి. అన్నిటికన్నా సురక్షితమైన పద్ధతి అదే!